ఇల్లు తాకట్టు పెట్టి కొనే పట్టా

డిగ్రీ ఫలితాలు వెలువడిన నాటి నుంచి మా వీధిలో తెలిసిన తండ్రులు ఒక్కొక్కరుగా కాగితాల సంచి పట్టుకొని నా వద్దకు వస్తారు. ముప్పయ్యేళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ని గనుక దరఖాస్తు నింపడం, ధ్రువపత్రాలు వరుసగా పేర్చడం, ఏ కాగితం లోపిస్తే ఫైలు ఏ బల్ల దగ్గర ఆగుతుందో చెప్పడం నాకు వచ్చిన విద్య. ఒకప్పుడు ఆ సంచుల్లో ఉపాధ్యాయ శిక్షణకో, గల్ఫ్ ప్రయాణానికో సంబంధించిన కాగితాలు ఉండేవి. ఇప్పుడు బ్రిటన్‌లోని ఏదో ఒక విశ్వవిద్యాలయం పంపిన ప్రవేశ లేఖ ఉంటోంది. కోర్సు పేరు తరచుగా ఒకటే: ఎమ్మెస్సీ ఇంటర్నేషనల్ బిజినెస్ మేనేజ్‌మెంట్.

కిందటి వేసవిలో వచ్చిన తండ్రి ఖమ్మం మిర్చి మార్కెట్‌లో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాడు. కుమారుడు బి.కాం. మంచి మార్కులతో పూర్తిచేశాడు. ఆయన సంచిలో రెండే రెండు ముఖ్యమైన కాగితాలున్నాయి. ఒకటి ప్రవేశ లేఖ, రెండవది ఇంటి దస్తావేజు. అప్పు ఇచ్చేవారితో మాటలు అయిపోయాయి, సంతకం ఒక్కటే మిగిలింది. నన్ను ఆయన ఒకే ప్రశ్న అడిగాడు: "భాయిసాబ్, ఈ చదువు అయ్యాక మావాడు ఏమవుతాడు?" ప్రవేశం ఇప్పించిన ఏజెంటు ఆ సంగతి చెప్పలేదు. కుర్రవాడికీ తెలియదు. ఇల్లు తాకట్టు పెట్టడానికి సిద్ధపడిన మనిషికి ఆ ప్రశ్నకు జవాబు పొందే హక్కు ఉంది. ఇలాంటి తండ్రులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు గనుక ఈ నెల సంపాదకీయాన్ని ఆ జవాబుకే కేటాయిస్తున్నాం.

మొదట ఈ చదువు దేని గురించో తెలుసుకుందాం. ఆ తండ్రి పనిచేసే మార్కెట్‌నే ఉదాహరణగా తీసుకుంటే సులభంగా అర్థమవుతుంది. అక్కడికి వచ్చే తేజ రకం మిర్చి విదేశాలకు వెళుతుంది. రైతు బస్తా దింపిన చోటు నుంచి పరదేశపు కొనుగోలుదారు గిడ్డంగి వరకు దాని వెంట ఒక కాగితాల బాట నడుస్తుంది. ఎగుమతి చేయదలచినవాడు ముందుగా విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నుంచి దిగుమతి, ఎగుమతి కోడ్ సంఖ్య తీసుకోవాలి. దానికి రుసుము 500 రూపాయలు. సుగంధ ద్రవ్యం గనుక స్పైసెస్ బోర్డులో నమోదు కావాలి. ప్రపంచమంతా అంగీకరించిన సరుకుల వర్గీకరణలో ఎండు మిర్చిది 0904 శీర్షిక. ఏ దేశంలో ఎంత సుంకం పడుతుందో ఆ సంఖ్య వెంటే నడుస్తుంది.

తరువాత ధర మాట. ఎఫ్‌ఓబీ అంటే సరుకు ఓడ ఎక్కేవరకే అమ్మినవాడి ఖర్చు, బాధ్యత. సీఐఎఫ్ అంటే గమ్యస్థాన రేవు వరకు ఓడ కిరాయి, బీమా కూడా అమ్మినవాడే చెల్లించాలి. అయినా సరుకు ఓడ ఎక్కిన క్షణం నుంచి నష్టభయం మాత్రం కొన్నవాడిదే. మూడక్షరాల మాట ఒకటి తెలియక ఒప్పందం మీద సంతకం పెట్టినవాడు సంవత్సరపు లాభాన్ని ఓడ కిరాయికి సమర్పించుకోవలసి వస్తుంది. ఆ పైన లెటర్ ఆఫ్ క్రెడిట్. ఇది కొనుగోలుదారు తరఫున అతడి బ్యాంకు ఇచ్చే పూచీ. ఇందులో గ్రహించవలసిన కిటుకు ఏమిటంటే, బ్యాంకు సరుకును చూడదు, కాగితాలను చూస్తుంది. మిర్చి ఎంత మేలైనదైనా సరే, పత్రంలో పేరో, తేదీయో, తూకమో తేడాగా ఉంటే డబ్బు ఆగిపోతుంది. గుమాస్తాగిరీ చేసిన నాకు ఈ సంగతి విన్నప్పుడు నవ్వు వచ్చింది. ప్రపంచ వాణిజ్యం కూడా చివరికి ఫైలు సక్రమంగా ఉండటం మీదే నడుస్తోందన్నమాట!

ఇవీ, వీటితో పాటు విదేశీ మారకం ధరల హెచ్చుతగ్గులు, దేశాల మధ్య ఒప్పందాలు, ఓడ రవాణా, పరదేశపు మార్కెట్ పరిశీలన, అక్కడి మనుషులతో వ్యవహరించే తీరు, వీటన్నిటి సమాహారమే అంతర్జాతీయ వ్యాపార నిర్వహణ. ఇది ఊకదంపుడు చదువు కాదు. సరిగ్గా చదివినవాడికి ఎగుమతి సంస్థల్లో, బ్యాంకుల విదేశీ మారక విభాగాల్లో, ఓడ రవాణా సంస్థల్లో పని ఉంటుంది. స్వయంగా వ్యాపారం చేయదలచినవాడికి ఇది ఆయుధం.

మన సమాజానికి ఈ విద్య పరాయిది కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) యౌవనంలో హజ్రత్ ఖదీజా (ర.అ) గారి సరుకు తీసుకొని సిరియా దేశానికి వర్తక ప్రయాణం చేశారన్నది మన పిల్లలందరూ విన్న చరిత్ర. ఆ సరుకు యజమాని ఒక స్త్రీ అన్న సంగతిని మాత్రం మనం తరచుగా మరచిపోతాం. అప్పు లావాదేవీలను వ్రాతపూర్వకంగా, సాక్షుల సమక్షంలో చేసుకోవాలన్న ఆదేశం దివ్యఖుర్‌ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్‌లో ఉంది. మన నేల మీద చూసినా, గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి అద్దకపు వస్త్రాలు పర్షియాకూ, ఆగ్నేయాసియా తీరాలకూ వెళ్లేవి. ఇరాన్ నుంచి వర్తకుడిగా వచ్చిన మీర్ జుమ్లా వజ్రాల వ్యాపారంలో పైకి వచ్చి, సొంత ఓడలు నడిపి, గోల్కొండ రాజ్యానికి మంత్రి అయ్యాడు.

అలాంటి వారసత్వం ఉన్నవారి స్థితి ఈనాడు ఏమిటి? లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. కొలిమి ముందు కూర్చొని ఆ గాజును తీర్చేవారిలో అధికులు మనవారే. తోళ్ల మండీల్లో, మాంసం వ్యాపారంలో, దర్జీ పనిలో, మిర్చి యార్డు హమాలీలలో మనవారు కనిపిస్తారు. అయితే ఆ సరుకుకు విదేశంలో ధర నిర్ణయించే చోట, ఇన్వాయిసు మీద సంతకం పెట్టే చోట మనం అరుదు. సరుకు మన చేతిలో ఉంది, కాగితం ఇతరుల చేతిలో ఉంది. ఈ దూరాన్ని తగ్గించగల చదువు గనుకనే దీన్ని మన పిల్లలు చదవాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఇల్లు తాకట్టు పెట్టి, ఎక్కడ చదువుతున్నామో తెలియకుండా చదవవద్దని అంతకంటె గట్టిగా కోరుతున్నాను.

ఏజెంట్లు చెప్పని విషయాలు కొన్ని ఉన్నాయి. బ్రిటన్‌లో ఈ ఎమ్మెస్సీ సాధారణంగా ఏడాది చదువు. తరగతులు జరిగే రోజుల్లో విద్యార్థి వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదు. ఆ సంపాదన గది అద్దెకు, తిండికి సరిపోతే గొప్ప. దానితో ఫీజు కట్టవచ్చన్న మాట నమ్మి వెళ్లినవారు చదువుకు, పనికి మధ్య నలిగిపోతున్నారు. చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇన్నాళ్లూ రెండేళ్ల గడువు ఉండేది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి అది 18 నెలలకు తగ్గుతుంది. 2024 జనవరి నుంచి ఇలాంటి కోర్సులకు వెళ్లేవారు భార్యాబిడ్డలను వెంట తీసుకువెళ్లే వీలు లేదు. అక్కడే నిలదొక్కుకోవాలంటే నైపుణ్య ఉద్యోగ వీసాకు యజమాని ఇవ్వవలసిన సాధారణ కనీస వార్షిక వేతనం 2025 జులై నుంచి 41,700 పౌండ్లు. కొత్తగా చదువు ముగించినవారికి కొంత సడలింపు ఉన్నా, అనుభవం లేని పట్టభద్రుడికి అంత జీతం ఇచ్చి పత్రాలు సమకూర్చే యజమాని దొరకడం తేలిక కాదు.

అమెరికా సంగతి చూద్దాం. అక్కడ శాస్త్ర, సాంకేతిక కోర్సులు చదివినవారికి చదువు తరువాత మొత్తం 36 నెలల వరకు పనిచేసే అనుమతి లభిస్తుంది. ఆ వర్గంలో చేరని కోర్సులకు 12 నెలలే. అంతర్జాతీయ వ్యాపారం పేరుతో ఉన్న కోర్సులు ఎక్కువగా ఈ రెండవ కోవలోనివే. కంప్యూటర్ చదువుకు వెళ్లిన పక్కింటి అబ్బాయితో మన అబ్బాయిని పోల్చుకొని అప్పు లెక్క వేసుకుంటే, ఆ లెక్క మొదటి వరుసలోనే తప్పు.

నియమాలు ఇలా ఉన్నంత మాత్రాన ఎవరూ వెళ్లవద్దని కాదు. రెండు మూడేళ్లు ఎగుమతి సంస్థలోనో, బ్యాంకులోనో పనిచేసి, పేరున్న విశ్వవిద్యాలయంలో ప్రవేశమూ, ఉపకార వేతనమూ పొంది వెళ్లేవాడిని సంతోషంగా సాగనంపుదాం. డిగ్రీ ముగిసిన మరుసటి నెలలోనే, అడిగినవారందరికీ ప్రవేశమిచ్చే చోటికి, ఇంటి దస్తావేజు ఖర్చుతో వెళ్లడం వేరు.

ఇక ఇదే చదువు మన దేశంలో ఎక్కడెక్కడ ఉందో ఏజెంటు ఎన్నడూ చెప్పడు. చెబితే అతడికి కమీషన్ రాదు. 1963లో కేంద్ర ప్రభుత్వం స్థాపించిన భారత విదేశీ వాణిజ్య సంస్థ, అంటే ఐఐఎఫ్‌టీ, అంతర్జాతీయ వ్యాపారంలో ఎంబీఏ బోధించడంలో దేశంలో పేరెన్నికగన్నది. ఢిల్లీ, కోల్‌కతాలతో పాటు 2022లో మన కాకినాడలో దాని ప్రాంగణం ప్రారంభమైంది. కాకినాడలో ఇంటర్మీడియట్ తరువాత చేరి అయిదేళ్లలో ఎంబీఏ వరకు చదివే కోర్సు ఉంది. దానికి ఐపీమ్యాట్ ద్వారా, రెండేళ్ల ఎంబీఏకు క్యాట్ ద్వారా ప్రవేశం. ఖమ్మం నుంచి కాకినాడ ఒక రాత్రి ప్రయాణం. ఆడపిల్లను దూరదేశం పంపడానికి వెనుకాడే తల్లిదండ్రులు ఈ దూరాన్ని మనసులో పెట్టుకోవాలి. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో కూడా అంతర్జాతీయ వ్యాపారంలో ఎంబీఏ ఉంది. ఇవేవీ అందకపోతే ఐసెట్ రాసి మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఎంబీఏ చదువుతూ ఈ శాఖకు సంబంధించిన విషయాలు ఎంచుకోవచ్చు. వ్యాపారంలోకి దిగదలచిన యువకులకు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ వారి నిర్యాత్ బంధు పథకం కింద మార్గదర్శనం లభిస్తుంది. హైదరాబాదులో వారి ప్రాంతీయ కార్యాలయం ఉంది.

కాగితాల విషయంలో ఒక హెచ్చరిక చేయడం నా వృత్తిధర్మం. మన రాష్ట్రాల్లో బి.సి.-ఇ వర్గానికి ఉన్న 4 శాతం రిజర్వేషన్ ఐసెట్ ప్రవేశాల్లో వర్తిస్తుంది. కేంద్ర విద్యాసంస్థల్లో వర్తించదు. అక్కడ చెల్లేది కేంద్ర ఓబీసీ జాబితా. బి.సి.-ఇ లోని వర్గాలన్నీ ఆ జాబితాలో లేవు. జాబితాలో ఉన్నవారు కేంద్ర నమూనాలో క్రీమీలేయర్ పరిధిలోకి రారన్న పత్రం తీసుకోవాలి. లేనివారు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, ఆస్తి నిబంధనలు కూడా చూసుకొని ఈడబ్ల్యూఎస్ పత్రానికి దరఖాస్తు చేయాలి. క్యాట్ నమోదు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జరుగుతుంది, పరీక్ష నవంబరు చివర. ఆఖరి వారంలో మీసేవ కేంద్రం ముందు నిలబడితే పని జరగదు. పాఠశాల రికార్డులో, ఆధార్‌లో పేరు వేర్వేరుగా ఉన్న పిల్లలు మనలో ఎందరో! షేక్ అన్న మాట ఒకచోట పేరుకు ముందు, మరొకచోట వెనుక, ఇంకొకచోట అసలే లేకుండా ఉంటుంది. దాన్ని ఈ నెలలోనే సరిచేయించండి.

ఇంతవరకు చెప్పింది మన బాధ్యత. ఇక ప్రభుత్వాల బాధ్యత.

సచార్ కమిటీ తన నివేదికలో దేశంలోని ఐఐఎంలన్నిటినీ పరిశీలించి, 4,743 మంది విద్యార్థుల్లో ముస్లింలు 63 మంది మాత్రమేనని తేల్చింది. అంటే 1.3 శాతం. అది 2006లో సమర్పించిన నివేదిక. నిర్వహణ విద్యలో మనం ఎంత వెనుక నుంచి బయలుదేరామో ఆ ఒక్క అంకె చెబుతుంది. అలాంటి స్థితిని సరిదిద్దడానికే కొన్ని పథకాలు వచ్చాయి. వాటిలో పఢో పరదేశ్ ఒకటి. ఏటా 6 లక్షల లోపు ఆదాయం ఉన్న మైనారిటీ కుటుంబాల పిల్లలు విదేశంలో ఉన్నత విద్యకు తీసుకున్న బ్యాంకు రుణంపై, చదువుకునే కాలానికి వడ్డీని కేంద్రమే భరించేది. 2022-23 నుంచి దాన్ని నిలిపివేశారు. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కూడా అప్పుడే ఆపారు. ఇతర పథకాలు ఉన్నాయన్నది ప్రభుత్వ వాదన. ఆ ఇతర పథకాల్లో మైనారిటీ విద్యార్థులకు ఏటా ఎన్ని అందుతున్నాయో పార్లమెంటు ముందు లెక్క చెప్పాలని మన ప్రతినిధులు అడగాలి.

వడ్డీ అన్న మాట మన కుటుంబాల్లో కేవలం ఆర్థిక సమస్య కాదు, అంతరాత్మ సమస్య. చదువు కోసమైనా సరే వడ్డీ అప్పు వద్దనుకొని ఇల్లు అమ్మేసినవారిని నేను ఎరుగుదును. ఇది ఉలమాలు చెప్పవలసిన విషయం, నా వంటివాడు తీర్పు చెప్పేది కాదు. కానీ వడ్డీ భారం లేని సహాయాన్ని ప్రభుత్వం ఆపివేసినప్పుడు, ఆ దెబ్బ అందరికంటె ముందు తగిలేది ఇలాంటి నిష్ఠ గల పేద కుటుంబానికేనని పాలకులు గ్రహించాలి.

తెలంగాణలో 2015 నుంచి మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి విదేశీ విద్యా ఉపకార వేతన పథకం ఉంది. మంచి పథకం. కుటుంబ ఆదాయం 5 లక్షల లోపు ఉండాలి, డిగ్రీలో 60 శాతం మార్కులు రావాలి, వయసు 35 దాటకూడదు. గరిష్ఠంగా 20 లక్షల రూపాయలు ఇస్తారు, విమాన ఛార్జీ అదనం. నిర్వహణ విద్య కూడా దాని పరిధిలో ఉంది. అయితే ఈ పథకం రూపకల్పనలో ఒక పెద్ద లోపం ఉంది. మొదటి విడత 10 లక్షలు విద్యార్థి విదేశంలో దిగినట్లు పత్రం చూపిన తరువాతే వస్తాయి. రెండవ విడత మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపిన తరువాత. మరి వీసాకు ముందు కట్టవలసిన ఫీజు ఎక్కడిది? బ్రిటన్ వీసాకు మిగిలిన ఫీజు, తొమ్మిది నెలల జీవన వ్యయం వరుసగా 28 రోజులు ఖాతాలో చూపాలి. ఏడాదికి 5 లక్షలు సంపాదించని ఇంట్లో ఆ మొత్తం ఎలా ఉంటుంది? అందుకే ఆ 28 రోజుల కోసమే అధిక వడ్డీకి డబ్బు తిప్పేవారు పుట్టుకొచ్చారు. పేదవాడి కోసం పెట్టిన పథకంలోకి పేదవాడు అప్పుల వాకిలి గుండా ప్రవేశించవలసి వస్తోంది.

ఆఫీసు పని తెలిసినవాడిగా చెబుతున్నాను, దీన్ని సరిచేయడానికి కొత్త చట్టం అక్కరలేదు, మార్గదర్శకాల సవరణ చాలు. ఎంపిక జాబితాను వీసా గడువుకు ముందే ప్రకటించాలి. ఎంపికైన విద్యార్థికి వీసా అధికారులు ఆమోదించే రూపంలో ప్రభుత్వ హామీ లేఖ ఇవ్వాలి. వీసా మంజూరైన వెంటనే మొదటి విడతను నేరుగా విశ్వవిద్యాలయానికే పంపాలి. విడతలు ఆలస్యమైతే ఎందుకు ఆలస్యమయ్యాయో దరఖాస్తుదారుకు వ్రాతపూర్వకంగా తెలపాలి. జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ తక్కువ వడ్డీ విద్యా రుణాలు రెండు రాష్ట్రాల్లోనూ వాస్తవంగా అందేటట్లు చూడాలి. మైనారిటీ స్టడీ సర్కిల్‌లో పోటీ పరీక్షల శిక్షణతో పాటు క్యాట్, ఐపీమ్యాట్ శిక్షణ కూడా ప్రారంభించాలి. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాల పిల్లలు ఇప్పుడు ఇంటర్మీడియట్, డిగ్రీ దశలకు వచ్చారు. కాకినాడ ప్రాంగణం పేరు వారికి చెప్పేవారు లేకపోతే ఏజెంటు చెప్పే పేరే వారికి తెలుస్తుంది.

మసీదు కమిటీలకు ఒక విన్నపం. జుమా నమాజు తరువాత నెలకొక్కసారి ఒక బల్ల వేయండి. రిటైరైన ఉద్యోగి ఒకరు, ఎంబీఏ చదివిన యువకుడో యువతో ఒకరు అక్కడ కూర్చుంటే చాలు. ప్రవేశ లేఖ ఏ స్థాయి విశ్వవిద్యాలయానిది, మొత్తం ఖర్చెంత, అది తీరడానికి ఎన్నేళ్లు పడుతుంది, చదివిన తరువాత పిల్లవాడు ఏ పని చేస్తాడు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాసి ఇస్తే ఎన్నో ఇళ్లు నిలబడతాయి.

ఆ తండ్రి మాట చెప్పి ముగిస్తాను. ఈ లెక్కంతా ఆయన ఎదుటే కాగితం మీద వేశాను. కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. మిత్రులు వెళ్లిపోతున్నారన్న బాధ అతడిది. దాన్ని తేలికగా తీసుకోవద్దని తండ్రికి చెప్పాను. తరువాత అతడు ఐసెట్ రాసి హైదరాబాదులో ఎంబీఏలో చేరాడు. సెలవులకు వచ్చినప్పుడు ఒక మిర్చి ఎగుమతిదారు దగ్గర ఇన్వాయిసులు, ప్యాకింగ్ జాబితాలు తయారు చేయడం నేర్చుకుంటున్నాడు. రేపు అతడికి ఏ ఉద్యోగం వస్తుందో నేను చెప్పలేను. విదేశం వెళ్లాలన్న కోరిక అతడు విడువలేదు, విడువనక్కరలేదు కూడా. ఇంటి దస్తావేజు మాత్రం వాళ్ల అమ్మీ పెట్టెలోనే ఉంది.